మ్యాప్‌లో నాలుగో గుర్తు

కిందటి వారం అబ్బులుని కొబ్బరిచెట్టు మీద వదిలేశాం. కింద నలుగురు మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకుని, ఆ చెట్టు మొదలునే గొడ్డళ్ళతో నరుకుతున్నారు. వారం రోజులు మనిషిని అలా వేలాడదీయడం భావ్యం కాదు కనక ముందు అతన్ని దింపేద్దాం. చెట్టు ఒరగడం మొదలెట్టాక, సగం ఎత్తు తగ్గేదాకా మట్టలు పట్టుకుని ఆగి, కాలువ వైపు దూకేశాడు. నీళ్ళు నడుం లోతే గానీ అడుగున బురద మెత్తగా ఉంది. రెండు పక్కటెముకలు విరిగాయి, ప్రాణం దక్కింది. ముప్ఫై ఐదేళ్ళుగా చెట్లెక్కుతున్న మనిషికి మొట్టమొదటిసారి నేల మీద నడవడం కష్టంగా ఉంది.

కథ ఇప్పుడే అందుకున్నవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. సత్యశ్రీది మలికిపురం. ముప్ఫై నాలుగేళ్ళు. కొబ్బరితోటల్లో నెలన్నరకో, రెణ్ణెల్లకో ఒకసారి కాయ దింపాలి. ఎవరి తోటలో దింపు ఎప్పుడొస్తుందో ముందుగా తెలిసినవాడిదే వ్యాపారం. ఇరవై ఏళ్ళుగా ఆ సంగతి తెలిసింది ఏడుకొండలు అనే వర్తకుడికి ఒక్కడికే. ఆయన మనుషులు వచ్చినప్పుడే దింపు, ఆయన నోట్లోంచి వచ్చిందే ధర. సత్యశ్రీ వచ్చి ఆ వ్యవహారం అంతా ఫోనులో మ్యాప్‌ మీదికి ఎక్కించేసింది. ఒక్కో తోటకి ఒక్కో గుర్తు. దింపు దగ్గరపడితే పచ్చ, ఇంకా టైముంటే పసుపు, ఏడుకొండలు మళ్ళీ లాక్కునే ప్రమాదం ఉన్నవాటికి ఎరుపు. ఇంకా రెండు రోజులుందనగానే ఫోను చేసి "మా వాళ్ళని పంపమంటారా అండీ" అని అడిగేది. ఏడాదిన్నరలో నూట నలభై తోటలు ఆమె వైపు వచ్చేశాయి.

ఏడుకొండలు నవ్వి ఊరుకున్నాడనే అందరూ అనుకున్నారు. మూడు వారాల కిందట ఆయన మనుషులు, సత్యశ్రీకి కాయ ఇస్తున్న పెద్దింట్లమ్మ గారిని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి, ఇంట్లో సామానంతా పగలగొట్టారు. ఆ తరవాత భూలక్ష్మి గారి తోటలో, సత్యశ్రీ దింపు మనిషి అబ్బులు ఎక్కిన చెట్టు నరికేశారు. ఈ రోజు పొద్దున్న తొమ్మిదింపావుకి భవానీదేవి గారింటికి వెళ్ళారు.

సత్యశ్రీ స్కూటీ దిగి ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి పదిన్నర అయింది. వంటింట్లో దోశల పిండి గిన్నె బోర్లాపడి ఉంది. పిండిలో ఎర్రటి చారలున్నాయి. భవానీదేవి గారు ఎత్తుపీట మీద కూర్చుని, ఎడమ చేతిని ఒళ్ళో చీర కొంగు మీద పెట్టుకున్నారు. ఊళ్ళో డాక్టరు వచ్చి అట్టముక్క పెట్టి కట్టు కట్టి, పెద్దాస్పత్రికి వెళ్ళమని చెప్పి వెళ్ళాడు. మణికట్టు దగ్గర చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. వేళ్ళు నల్లబడుతున్నాయి.

"ఆటో తెచ్చేను పిన్నిగారూ, పదండి," అంది సత్యశ్రీ.

"వెళదాంలే. ముందు నువ్వు కూర్చో."

"చెయ్యి చూడండి ఎలా వాచిందో."

"చూస్తూనే ఉన్నాను. గడప మీద పెట్టమన్నారు, పెట్టేను. ఒకడు బూటుకాలితో తొక్కేడు. 'రేపట్నించి కాయ ఎవరికిస్తావ్' అని అడుగుతూ తొక్కేడు. రెండోసారి తొక్కేటప్పుడు 'ఏడుకొండలు గారికే' అన్నాను. మూడోసారి ఎందుకు తొక్కేడో మరి నాకు తెలీదు." ఆవిడ ఇదంతా పక్కింటావిడ సంగతి చెప్పినట్టు చెప్పారు. "కూర్చోమన్నానా."

సత్యశ్రీ కూర్చుంది.

"వాళ్ళు వీధి వైపు నించి రాలేదమ్మా. పెరటి వైపు నించి వచ్చేరు. వంటింటి తలుపు తీసుంటుందని తెలుసు. మీ బాబాయిగారు తొమ్మిదింటికల్లా దస్తావేజులు రాసుకోడానికి రాజోలు వెళ్ళిపోతారని తెలుసు. అదంతా ఎవడో నాలుగు రోజులు కాపేసి చూసుకున్నాడనుకోవచ్చు. కానీ మా చంటిగాణ్ణి పేరు పెట్టి పిలిచేరు. పిలిచి బిస్కెట్లు వేసేరు. అది తోకూపుకుంటూ వాళ్ళ వెనకాలే తిరిగింది."

చంటి అనేది కుక్క. ఇప్పుడు కూడా గుమ్మం దగ్గరే పడుకుని, తన తప్పేమీ లేనట్టు ఇటే చూస్తోంది.

కుక్క పేరు, బిస్కెట్ సంగతి సత్యశ్రీకి తెలుసు. తెలియడమే కాదు, స్వయంగా రాసింది. మ్యాప్‌లో ఒక్కో గుర్తు కింద ఒక్కో ఇంటి గురించి నాలుగైదు ముక్కలు రాసి పెట్టుకునేది. ఏ ఇంటికి ఎప్పుడు వెళితే ఎవరుంటారు, ఎవరిని అడిగితే పనవుతుంది, ఏ మాట అంటే మెత్తబడతారు. ఆ ముక్కలే ఆమె వ్యాపారానికి ప్రాణం. కొత్త పనివాడు కూడా అది చదువుకుని వెళితే, పదేళ్ళుగా ఆ ఇంటికి వస్తున్నవాడిలా మాట్లాడగలిగేవాడు.

"నువ్వు రాసింది చదవమంటావా?" అన్నారు భవానీదేవి గారు. మంచి చేత్తో ఫోను తీసి, బొటనవేలితో నొక్కి, బడిపిల్లలా తడుముకోకుండా చదివేశారు. "భవానీదేవి గారు. ఎకరన్నర. భర్త తొమ్మిదికి వెళ్ళిపోతారు, తరవాత ఒక్కరే. పెరటి వైపు నించి వెళ్ళాలి, వంటింటి తలుపు తీసుంటుంది. కుక్క పేరు చంటి, బిస్కెట్ వేస్తే ఊరుకుంటుంది. వాళ్ళ అమ్మాయి కాపురం గురించి పది నిమిషాలు కూర్చుని వింటే చాలు, ధర అడగరు."

ఇది ఎలా జరిగిందో చెప్పాలి. దింపు వంతు ఎవరిదన్నది మా ప్రాంతంలో చిన్న గొడవ కాదు. "పక్క తోటకి ముందెలా వెళ్ళేరండీ, మేం ముందు చెప్పలేదా" అని రోజుకి యాభై ఫోన్లు వచ్చేవి. విసుగొచ్చి, పోయిన దసరాకి సత్యశ్రీ మ్యాప్ లింకు తీసి తోటలవాళ్ళందరి గ్రూపులో పెట్టేసింది. ఎవరి తోట తేదీ వాళ్ళు చూసుకుంటారు, గొడవుండదు. గుర్తు మీద వేలు పెట్టి నొక్కితేనే కదా లోపల రాసింది కనిపించేది, ఎవరి గుర్తు వాళ్ళే నొక్కుకుంటారు కదా అనుకుంది. అందుకని ముందు జాగ్రత్తగా ఎవరి గుర్తు కిందా చెడ్డమాటలు లేకుండా చూసుకుంది, అంతే. కోనసీమలో పక్కింటివాళ్ళ గుర్తు నొక్కకుండా ఉండగల మనిషి ఇంకా పుట్టలేదని ఆమెకి తట్టలేదు. ఆ లింకు చేతులు మారి మారి ఎక్కడిదాకా వెళ్ళిందో ఈ రోజు తెలిసింది.

"మా వాళ్ళకి దారి తెలియాలని రాసేను పిన్నిగారూ. ఏ ఇంటికి ఎలా వెళ్ళాలో..."

"ఎలా వెళ్ళాలో బాగానే రాసేవు. వాళ్ళు ఎక్కడా దారి తప్పలేదు."

సత్యశ్రీ బోర్లాపడ్డ పిండి గిన్నె తీసి నిలబెట్టింది.

"నేనిది దసరా మర్నాడే చదివేను," అన్నారు ఆవిడ. "మా అమ్మాయి కాపురం మాట దగ్గర కాసేపు కళ్ళు మూసుకున్నాను. అయినా కాయ నీకే ఇచ్చేను. ఎందుకిచ్చేనో చెప్పనా? దాని సంగతి కూర్చుని వినే మనిషివి నువ్వొక్కదానివే ఉన్నావు. ధర కోసం విన్నావని తెలిసేక కూడా, మళ్ళీ వస్తే బాగుండునని చూసేదాన్ని. సిగ్గు లేకుండా చెబుతున్నాను."

సత్యశ్రీకి ఏడుపొచ్చింది. ఆవిడ కాళ్ళ మీద పడదామనిపించింది, పడే అర్హత కూడా లేదనిపించింది. ఎదటి మనిషి ఇంట్లో బాధని తాను కాయల లెక్కన కొనుక్కుంది. ఏడుకొండలు మనుషులు ఆ బాధనే బూటుకాలితో తొక్కారు. ఇద్దరికీ దారి చూపించింది ఒకే గుర్తు.

"ఏడవకు. ఏడ్చేది ఉంటే నేను ఏడుస్తాను," అన్నారు భవానీదేవి గారు. "వెళ్ళేటప్పుడు ఒకడు ఫోను చూసుకుంటూ, 'నాలుగోది రేవు దగ్గర, మొగుడు పంటు మీదుంటాడు, మూడింటికి వెళదాం' అన్నాడు. ఆ నాలుగోది ఎవరో నాకు తెలీదు. నీకు తెలుసుగా."

తెలుసు. ఎర్ర గుర్తులు మొత్తం పదకొండు. వారానికోసారి వాళ్ళందరినీ పలకరించి రావాలని, ఒకే తిరుగుడులో అయిపోయేట్టు ఒకటి, రెండు, మూడు అని వరసగా నంబర్లు తనే వేసింది. ఒకటి పెద్దింట్లమ్మ. రెండు భూలక్ష్మి. మూడు భవానీదేవి. నాలుగు వీరదుర్గ. సఖినేటిపల్లి రేవు పక్కన వాళ్ళది అరెకరం తోట. వీరదుర్గ భర్త సత్యదుర్గారావు, గోదావరి మీద బళ్ళని, మనుషుల్ని అటూ ఇటూ దాటించే పంటు మీద పనిచేస్తాడు. "భర్త సాయంత్రం ఆరు దాకా రాడు. ఒక్కతే ఉంటుంది." ఆ మాటా తను రాసిందే.

వరసకి వరస, తన నంబర్ల ప్రకారమే కొట్టుకొస్తున్నారు.

భవానీదేవి గారిని ఆటో ఎక్కించి, రాజోలులో ఉన్న ఆయనకి ఫోను చేసి, సత్యశ్రీ ఆ వీధిలోనే స్కూటీ మీద కూర్చుండిపోయింది. మ్యాప్ మొత్తం చెరిపేద్దామని వేలు పెట్టింది. ఒక్క నొక్కు చాలు. అప్పుడు వేలు వెనక్కి తీసుకుంది.

చెరిపేస్తే వాళ్ళకి తెలిసిపోతుంది. మిగిలిన ఎనిమిది ఇళ్ళూ ఏదో కాగితం మీద రాసుకునే ఉంటారు. రేపో ఎల్లుండో, ఎవరింటి మీదికో, తనకి తెలియకుండా వెళతారు. ఈ రోజు మూడింటికి మాత్రం ఎక్కడికి వెళతారో తెలుసు. ఇంకా చెప్పాలంటే, తను ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తారు. బయట ఊళ్ళ నించి తెచ్చిన మనుషులు, ఈ కాలవ గట్లూ ఈ తోటలూ అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి వాళ్ళకి. ఫోను చెప్పిన దారినే వస్తారు.

స్టేషనుకి ఫోను చేసింది. జీపు తీర్థం బందోబస్తుకి వెళ్ళింది, ఐదింటికి గాని రాదు, ఈలోగా ఆ ఇంటివాళ్ళని తలుపులేసుకోమని చెప్పండని అవతలి మనిషి మర్యాదగానే చెప్పాడు. ఐదింటికి జీపు వచ్చేసరికి వీరదుర్గ ఎలా ఉంటుందో సత్యశ్రీ ఊహించుకుంది. ఊహించుకున్నాక ఇంక ఆలోచించలేదు.

వీరదుర్గకి ఫోను చేసింది.

"ఇంటికి తాళమేసి, ఉన్నదున్నట్టు మీ అమ్మగారింటికి వెళ్ళిపోవే. ఇప్పుడే."

"ఏంటండీ అక్కా, ఏమైందండి?"

"సాయంత్రం చెబుతాను. ఫోను ఆపేసి పెట్టుకో. నీ నంబరు వాళ్ళ దగ్గరుంది. ఎవరు చేసినా ఎత్తొద్దు."

"ఆయ్. అలాగేనండి."

తరవాత మ్యాప్ తెరిచి, నాలుగో గుర్తు మీద వేలు ఆనించి, రేవు పక్క నించి లాగి, మలికిపురం బయట కాలవ గట్టు మీదున్న తన కొబ్బరి డొక్కల దొడ్డి మీద వదిలింది. కింద కొత్తగా రాసింది. "ఇల్లు మారేరు. డొక్కల దొడ్డి వెనక రేకుల షెడ్డు. మధ్యాహ్నం ఒక్కతే ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ళు లేవు. కుక్క లేదు." ఇంత బాగా ఎప్పుడూ రాయలేదనిపించింది ఆమెకి.

రెండింటికల్లా డొక్కల దొడ్డిలో దింపు మనుషులు ఆరుగురు కూడారు. డొక్కలంటే కాయ ఒలిచాక మిగిలే పీచు తొక్కలు. అవి మనిషెత్తున గుట్టలుగా పోసున్నాయి. వాటి మధ్య ఖాళీలో, కాయ ఒలవడానికి నేలలో పాతిన ఇనప గునపాలు, మొనలు పైకుండేట్టు వరసగా ఎనిమిది ఉన్నాయి. ఒక్కోటి తొడంత ఎత్తు. అబ్బులు ఛాతీకి కట్టుతో, ఊపిరి పీల్చినప్పుడల్లా మొహం చిట్లించుకుంటూ, ఆఖర్న వచ్చాడు.

"నువ్వెందుకొచ్చేవు బాబాయ్," అంది సత్యశ్రీ.

"చెట్టు నరికిన మొహాలు నేనొక్కణ్ణే చూసేనండి. మరి పైనించి చూసేను గాబట్టి, నెత్తులు బాగా గుర్తండి."

ఆ మాటకి అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"కత్తులు తియ్యొద్దు," అంది సత్యశ్రీ. "మట్టలు, కర్రలు. మోకాళ్ళ కింద కొట్టండి. కట్టి పడేసి ఐదింటికి పోలీసులకి అప్పజెబుదాం. ఎవరి ప్రాణమూ పోవడానికి వీల్లేదు."

"వాళ్ళు కత్తులు తెస్తేనో అండి?" అన్నాడొకడు.

ఆ ప్రశ్న వినిపించుకోకుండా సత్యశ్రీ అందర్నీ గుట్టల వెనక్కి పంపేసి, తను షెడ్డులోకి వెళ్ళింది. జవాబు చెప్పి ఉండాల్సింది.

మూడవడానికి పది నిమిషాలుందనగా గట్టు మీద రెండు మోటారు సైకిళ్ళు వినిపించాయి. బళ్ళ మీద నలుగురు. ముందు బండి హేండిలుకి బిగించిన ఫోనులోంచి ఒక ఆడగొంతు, చుట్టానికి స్వాగతం చెప్పినంత మర్యాదగా, "మీరు మీ గమ్యస్థానానికి చేరుకున్నారు" అంది.

ముందు బండి దిగినవాడు మొహం మీది తువ్వాలు కిందికి లాక్కుని చుట్టూ చూశాడు. నాగసతీష్. ఏడుకొండలు లారీల వ్యవహారం చూసే మేనల్లుడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. రెండేళ్ళ కిందట సత్యశ్రీ ఇంట్లో పెళ్ళికి వచ్చి రెండుసార్లు పులిహోర వేయించుకుని తిన్నాడు.

"ఇక్కడ ఇల్లెక్కడుంది రా?" అన్నాడు.

సత్యశ్రీ షెడ్డులోంచి బయటికొచ్చింది. "వీరదుర్గ లేదు సతీష్. నేనున్నాను."

నాగసతీష్ ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వాడు. "మీరా సత్యక్కా. మీరు రాసింది చూసే వచ్చేం. ఎంత వివరంగా రాసేరండీ బాబూ. ఇరవై ఏళ్ళ నించి తిరుగుతున్నా మా మావయ్యగారికి కుక్కల పేర్లు తెలియవు."

"భవానీదేవి గారి చెయ్యి తొక్కింది ఎవరు?"

"నేనేనండి."

"మూడోసారి ఎందుకు తొక్కేవు? ఆవిడ ఒప్పుకున్నారుగా."

"అలవాటులో పడిపోయిందండి," అన్నాడు నాగసతీష్. మిగిలిన ముగ్గురూ నవ్వారు. "మీరేమీ అనుకోకపోతే ఒక మాటక్కా. ఎవరినో ఒకరిని కొట్టమని మావయ్య గారు చెప్పేరు. ఎవరిని కొట్టాలో మీరు చెప్పేరు. నాకు ఎక్కువ పనిచ్చింది మీరే."

అది నిజమని సత్యశ్రీకి తెలుసు. చెయ్యెత్తి సైగ చేసింది.

డొక్కల గుట్టల వెనక నించి ఆరుగురూ ఒక్కసారి లేచారు. మొదటి దెబ్బ బండి ఇంకా దిగనివాడి మోకాలి కింద పడింది. పచ్చి మట్ట మొదలుతో కొడితే ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వాడు బండితో సహా పడ్డాడు. రెండోవాడు నడుం నించి పొట్టి కత్తి లాగి, ఎదురుగా ఉన్న దింపు మనిషి భుజం మీద వేశాడు. చర్మం తెల్లగా తెరుచుకుని, తరవాత ఎర్రబడింది. అబ్బులు వెనక నించి వాడి మెడ మీద మోచేత్తో కుమ్మి, తన పక్కటెముకల నొప్పికి తనే మోకాళ్ళ మీద కూలిపోయాడు. మూడోవాడు పారిపోబోయి, గునపాల వరస చూసుకోకుండా కాలు జారి, ఒక మొన తొడలో దిగేట్టు పడ్డాడు. వాడి కేకకి కాలవ అవతల గట్టు మీద కొంగలు లేచిపోయాయి. వాడు విడిపించుకోవాలని పక్కకి పెనుగులాడితే, వదులైన గునపం నేల నించి పెళ్ళగిల్లి, తొడలోంచి ఊడి పక్కకి దొర్లింది.

నాగసతీష్ నేరుగా సత్యశ్రీ మీదికే వచ్చాడు. గొంతు పట్టుకుని షెడ్డు రేకుకి ఆనించి నొక్కాడు. రేకు మేకు వీపులో దిగింది. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. ఆమె గోళ్ళతో వాడి కన్ను వెతుక్కుంది. దొరికింది. వాడు అరుస్తూ వెనక్కి పోయాడు. ఎవరో వాడి కాళ్ళ మీద కొట్టారు, పడ్డాడు. సత్యశ్రీ కింద దొర్లుతున్న గునపాన్ని రెండు చేతులా ఎత్తింది. దాని మొన నెత్తురుతో జారుతోంది. మొద్దు వైపు తిప్పి వాడి బూటుకాలి మీద కొట్టింది.

"ఇది ఒకటోసారి," అంది.

మళ్ళీ కొట్టింది.

"అమ్మాయిగారూ, చాలండి," అన్నాడు అబ్బులు మోకాళ్ళ మీద నించే.

మూడోసారి కూడా కొట్టింది. అప్పుడు ఆమెకి భయం లేదు, జాలి లేదు. హాయిగా ఉంది. చెప్పుకోడానికి బాగుండదు గానీ, అంత హాయి ఆ మూడు వారాల్లో ఆమెకి ఎప్పుడూ కలగలేదు. నాగసతీష్ కాలు బూటులోపల ఏ ఆకారంలో ఉందో ఇంక తెలియదు. వాడు అరవడం మానేసి మూలుగుతున్నాడు.

అప్పుడే షెడ్డు వెనక నించి పరుగు చప్పుడు వినిపించింది. తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు, చేతిలో పొడుగాటి వెదురుగెడతో, ఆమె వైపే దూసుకొచ్చాడు. ఐదోవాడు, వెనక నించి వచ్చాడనుకుంది. అనుకోడానికి పట్టినంత సేపు కూడా ఆగలేదు. రెండు చేతులా ఊపి కొట్టింది. గునపం చెవి పైన తగిలింది. ముదురు కాయని బండకేసి కొట్టినట్టు చప్పుడైంది.

గెడ ముందు పడింది. తరవాత మనిషి పడ్డాడు.

తువ్వాలు ఊడిపోయింది. అది ఎండకి తడిపి చుట్టుకున్న తువ్వాలు. పంటు మీద పనిచేసేవాళ్ళు అందరూ అలాగే చుట్టుకుంటారు. కింద పడినవాడి మొహం సత్యదుర్గారావుది. వీరదుర్గ భర్త.

అబ్బులు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. అబ్బులు పంచె క్షణంలో తడిసిపోయింది. సత్యదుర్గారావు కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు.

"వీరదుర్గ ఏదండీ?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, దారిలో ఎదురైనవాళ్ళని అడిగినట్టు. "పంటు ఆగితే అన్నానికని ఇంటికెళ్ళేను. తాళముందండి. ఫోను ఎత్తట్లేదు. మ్యాప్‌లో ఇక్కడుందని చూపించింది. ఇల్లు మారేమని రాసుంది. మేం ఎప్పుడు మారేమండి?"

"నువ్వు మాట్లాడకు అయ్యా. మాట్లాడకు," అన్నాడు అబ్బులు.

"కుక్క లేదని రాసేరు. ఒక్కతే ఉంటుందని రాసేరు. చదివితే భయమేసిందండి నాకు. గెడ పట్టుకుని దొరికిన బండెక్కి వచ్చేసేను." ఇంకేదో అనబోయాడు. నోట్లోంచి మాటకి బదులు నురగ వచ్చింది. కాళ్ళు రెండూ కొట్టుకోవడం మొదలెట్టాయి.

సత్యశ్రీ చేతుల్లో గునపం అలాగే ఉంది. పారెయ్యాలని తెలుసు, వేళ్ళు విడిపోవడం లేదు. భుజం తెగిన దింపు మనిషి షెడ్డు రేకుకి చేరబడి, ఆమెని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు. "ఆటో, ఎవరైనా ఆటో," అని అబ్బులు అడుగుతూనే ఉన్నాడు. ఎవరికీ కాళ్ళు కదలలేదు.

కదిలింది నాగసతీష్ ఒక్కడే. పగిలిన కాలు ఈడ్చుకుంటూ, ఒక కన్ను మూసుకుని, బండి హేండిలు దాకా పాకి ఫోను లాక్కున్నాడు. రెండు మూడు నంబర్లు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పళ్ళ మీద నెత్తురుంది గానీ మాట మాత్రం ఎంతో ఒద్దికగా వచ్చింది.

"పోలీసు వారేనా అండి? మలికిపురం కాలవ గట్టు మీద డొక్కల దొడ్డి నించి మాట్లాడుతున్నానండి. ఇక్కడ సత్యశ్రీ గారని ఒకావిడ, పంటు పనివాణ్ణి గునపంతో నెత్తి మీద కొట్టేసేరండి. బతికేట్టు లేడు. ఆయ్, నా కళ్ళతో చూసేనండి." సత్యశ్రీ వైపు చూశాడు. "దారి తెలీకపోతే మ్యాప్ లింకు పంపిస్తానండి, తిన్నగా వచ్చేయండి. మనిషిని ఇక్కడికి రప్పించడానికి ఆవిడ పొద్దున్నే అందులో అంతా రాసి పెట్టుకున్నారు. చెరిపెయ్యకముందే చూసుకోండి."